నల్లగొండ ఫ్లోరైడ్ పేపర్ ఏ జర్నల్‌కు పంపితే మేలు?

మొన్న మా కమ్యూనిటీ మెడిసిన్ డిపార్ట్‌మెంట్‌లో కొత్తగా చేరిన ట్యూటరమ్మాయి ల్యాప్‌టాప్ తెచ్చి నా టేబుల్ మీద పెట్టింది. మర్రిగూడ వైపు మూడు ఊళ్లు తిరిగి రాసిన పేపర్ అది. బడి పిల్లల గారపళ్లు చూసింది, పెద్దవాళ్ల మెడ, నడుము, మోకాళ్లు పరీక్షించింది, పాత బోర్ల నీళ్లు ల్యాబ్‌లో కొలిపించింది. ఎండాకాలమంతా ఆటోల్లో తిరిగి చేసిన పని. "రాసుడైతే అయిపోయింది సార్. ఎక్కడికి పంపాలో తెలుస్తలేదు. అదే టెన్షన్" అంది.

స్క్రీన్ మీద ఐదు జర్నళ్లు తెరిచి ఉన్నాయి. ఐదింటి ఇంపాక్ట్ ఫ్యాక్టర్లూ (ఆ జర్నల్ పేపర్లను సగటున ఎన్నిసార్లు ఉదహరిస్తున్నారో చెప్పే అంకెలు) ఒక కాగితం మీద వరసగా రాసుకుంది. ఒక్కదాని స్కోప్ పేజీ కూడా చదవలేదు. ఆమెను ఏమనగలను? నా మొదటి పేపర్‌కు నేను చేసిందీ అదే. ఒక పెద్ద విదేశీ జర్నల్‌కు పంపితే నాలుగో రోజే తిరిగొచ్చింది. "మా పరిధిలోకి రాదు" అని ఒకటే వాక్యం. నా పని బాగాలేదేమోనని చాలా రోజులు బాధపడ్డాను. తర్వాత వాళ్ల స్కోప్ పేజీ చదివితే, ఒకే ప్రాంతంలో ఒక జబ్బు ఎంతమందికి ఉందో చెప్పే సర్వేలను తాము తీసుకోబోమని స్పష్టంగా రాసి ఉంది. పేపర్‌ను ఎవరూ చదవనే లేదు. తప్పు గుమ్మం తొక్కానంతే. అట్లా ఒకదాని తర్వాత ఒకటి పంపుకుంటూ ఏడు నెలలు పోయాయి.

స్కోప్ పేజీ అంటే ఆ జర్నల్ ఎవరి కోసం నడుస్తోంది, ఏ ప్రశ్నలు దానికి ముఖ్యం, ఎలాంటి రాతలు తీసుకుంటుంది, వేటిని తీసుకోదు అని చెప్పే పేజీ. మన జిల్లా జబ్బు చరిత్రే దీన్ని బాగా చూపిస్తుంది.

నల్లగొండ ఫ్లోరోసిస్ (నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువై పళ్లు, ఎముకలు పాడయ్యే జబ్బు) గురించి 1955లో సిద్దిఖీ రాసిన పేపర్ బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చింది. అప్పటికింకా హైదరాబాద్ రాష్ట్రమే, పేపర్ పేరులోనే 'హైదరాబాద్-డక్కన్' అని ఉంటుంది. ఏ విభాగం డాక్టరైనా చదివే జర్నల్ అది. ఇలాంటి రోగులు ఇక్కడ ఉన్నారని ప్రపంచానికి చెప్పాల్సిన సమయంలో దానికి తగిన చోటు అదే. 1973లో హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థ నుంచి కృష్ణమాచారి, కమలా కృష్ణస్వామి బ్రిటన్ వైద్య జర్నల్ లాన్సెట్‌లో రాశారు. ఫ్లోరైడ్ ప్రాంతంలో కుర్రవాళ్లకు మోకాళ్లు లోపలికి వంగి ఒకదానికొకటి రాసుకోవడం, ఎముకలు గుల్లబారడం వాళ్లు గమనించారు. ఫ్లోరోసిస్ అంటే ఎముక గట్టిపడటమే అని అందరూ అనుకుంటున్న రోజుల్లో ఇది కొత్త సంగతి. రెండు మూడు పేజీల్లో చెప్పదగ్గది, ఏ దేశం డాక్టర్‌కైనా పనికొచ్చేది.

నాకు బాగా నచ్చేది దాని తర్వాత జరిగింది. ఆ మోకాళ్ల జబ్బు మీదే ఊళ్లవారీగా చేసిన వివరమైన సర్వేను కృష్ణమాచారి బృందం 1974లో ఇండియన్ జర్నల్ ఆఫ్ మెడికల్ రీసెర్చ్‌లో వేసింది. లాన్సెట్‌లో ఒకసారి పడ్డాక మళ్లీ అక్కడికే పరుగెత్తలేదు. కొత్త సంగతి ఒక చోట, ఊరి లెక్క ఇంకో చోట.

అదే కాలంలో నాగ్‌పూర్‌లోని జాతీయ పర్యావరణ పరిశోధన సంస్థ 'నీరి' శాస్త్రవేత్తలు పటిక, సున్నంతో నీళ్లలోని ఫ్లోరైడ్ తగ్గించే 'నల్లగొండ టెక్నిక్' గురించి 1975లో రాసింది మెడికల్ జర్నల్‌లో కాదు, ఇండియన్ జర్నల్ ఆఫ్ ఎన్విరాన్‌మెంటల్ హెల్త్‌లో. దాన్ని చదివి అమలు చేయాల్సింది నీళ్ల ఇంజినీర్లు కదా. వెన్నుపూస లోపల ఎముక పెరిగి వెన్నుపామును నొక్కితే కాళ్లు ఎలా చచ్చుబడతాయో డాక్టర్ డి. రాజారెడ్డి 2009లో న్యూరాలజీ ఇండియాలో రాశారు. జబ్బు ఒకటే, తాగిన నీళ్లూ అవే. చదవాల్సిన వాళ్లు మారినప్పుడల్లా జర్నల్ మారింది.

ఇప్పుడు మా ట్యూటరమ్మాయి ముందున్న దారుల సంగతి.

పెద్ద అంతర్జాతీయ జనరల్ జర్నల్ మొదటిది. లాన్సెట్, బీఎంజే (బ్రిటిష్ మెడికల్ జర్నల్) స్థాయివి. వీటికి పంపడానికి భయపడక్కర్లేదు, వాళ్లు వద్దంటే వారం, రెండు వారాల్లోనే చెప్పేస్తారు. కానీ 1955లో కొత్తగా ఉన్న విషయం ఇప్పుడు కొత్త కాదు. నల్లగొండ బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఉంది, పిల్లల పళ్లకు గార ఉంది అంటే ఎడిటర్‌కు తెలిసిన సంగతే. ఇంటింటికీ నల్లా నీళ్లిచ్చే మిషన్ భగీరథ పథకం కింద కృష్ణా నీళ్లు వచ్చాక పుట్టిన పిల్లల పళ్లు, అంతకు ముందు పుట్టిన పిల్లల పళ్లు ఒకే ఊళ్లో పోల్చి చూసి, తేడాను గట్టిగా నిరూపించగలిగితే అది వేరే కథ. నీళ్లు మారితే ఒక తరం ఎలా మారుతుందో తెలుసుకోవాలని చాలా దేశాలకు ఉంటుంది. ఈమె దగ్గర అంత డేటా లేదు. కాబట్టి ఇది వద్దన్నాను.

రెండోది ఆమెకు బాగా ఆశ పుట్టించిన జర్నల్, పేరే 'ఫ్లోరైడ్'. 1968 నుంచి వస్తోంది, అంతర్జాతీయ ఫ్లోరైడ్ పరిశోధన సంఘానిది. నీళ్లు, పళ్లు, ఎముకలు, పశువులు, మొక్కలు, ఫ్లోరైడ్ తగిలిన ఏ విషయమైనా దాని స్కోప్‌లోకి వస్తుంది. మన పేపర్‌కు ఇంతకన్నా సరిపోయేది ఉంటుందా అనిపిస్తుంది. నిజమే, మన దేశం నుంచి ఎన్నో ఊళ్ల సర్వేలు అందులో వచ్చాయి, ఆ విషయం మీద పనిచేసేవాళ్లు వాటిని వెతికి చదువుతారు.

రెండు విషయాలు మాత్రం ఆలోచించాలి. ఆ సంఘాన్ని మొదలుపెట్టిన డెట్రాయిట్ డాక్టర్ జార్జ్ వాల్డ్‌బాట్, తాగునీటిలో ఫ్లోరైడ్ కలపడాన్ని గట్టిగా వ్యతిరేకించిన మనిషి. అమెరికాలో 1945లో గ్రాండ్ రాపిడ్స్‌లో మొదలుపెట్టి, పళ్లు పుచ్చకుండా నీళ్లలో ఫ్లోరైడ్ కలుపుతారు. అక్కడ సిఫార్సు చేసిన మోతాదు లీటరుకు 0.7 మిల్లీగ్రాములు. కలపాలా వద్దా అన్నది వాళ్ల గొడవ. మనది తీసేయాల్సిన బాధ. మన ప్రమాణం ప్రకారం లీటరుకు 1 మిల్లీగ్రాము దాటకూడదు, వేరే నీళ్లు దొరకని చోట 1.5 దాకా ఒప్పుకుంటారు. మన ఊరి లెక్కను తీసుకెళ్లి వాళ్ల గొడవలో సాక్ష్యంగా వాడేవాళ్లు ఉంటారు. అందులో రాయొద్దని నేను అనను. రాస్తే, మన నీళ్లలో ఎంత ఉంది, వాళ్లు కలిపేది ఎంత అని పేపర్‌లోనే స్పష్టంగా చెప్పాలి. ఇక రెండో సంగతి, ఆ జర్నల్ మెడ్‌లైన్‌లో (వైద్య పేపర్లను వెతుక్కునే అమెరికా సూచికలో) లేదు. ప్రమోషన్ లెక్కలో ఇది అడ్డం రావచ్చు.

ఆ లెక్క గురించి ఒక మాట. మెడికల్ కాలేజీ టీచర్లకు జాతీయ వైద్య కమిషన్ 2022లో పెట్టిన నియమాల్లో మెడ్‌లైన్, పబ్‌మెడ్ సెంట్రల్, స్కోపస్, డీఓఏజే లాంటి సూచికల్లో ఉన్న జర్నళ్లనే పరిగణించారు. మొదటి ముగ్గురు రచయితల్లో ఉండాలి, లేదా కరస్పాండింగ్ రచయిత (జర్నల్‌తో ఉత్తరాలు నడిపే మనిషి) కావాలి అన్నారు. కొందరు రోగుల గురించి కలిపి రాసిన కేస్ సిరీస్ అందులో లెక్కకొచ్చేది, ఒకే రోగి గురించి రాసిన కేస్ రిపోర్ట్ ఆ జాబితాలో లేదు. ఇవి మారుతుంటాయి, పంపే ముందు తాజా గెజెట్ చూసుకోవాలి. ఈ ఒత్తిడిని నేను తక్కువ చేయను. కొత్త జిల్లా కాలేజీల్లో పేషెంట్లు, క్లాసులు, ఇన్‌స్పెక్షన్లు అన్నీ చూసుకుంటూ పేపర్లు రాయాలంటే ఎంత కష్టమో నాకు తెలుసు.

ఆ ఒత్తిడిని ఆసరా చేసుకుని బతికే జర్నళ్లు మూడో దారి. "గౌరవనీయ ప్రొఫెసర్ గారూ" అని రోజుకు నాలుగు మెయిల్స్ వస్తాయి. వాటి స్కోప్ పేజీ తెరిచి చూడండి. గుండె శస్త్రచికిత్స, ఆయుర్వేదం, వ్యవసాయం, మేనేజ్‌మెంట్, ఇంజినీరింగ్ అన్నీ ఒకే జర్నల్‌లో. వారంలో ప్రచురిస్తామంటారు, ఫీజు అంకె మాత్రం పేపర్ ఒప్పుకున్నాక చెప్తారు. మా మిత్రుడొకరు అట్లా ఇరుక్కున్నారు. పేపర్ వెనక్కి తీసుకుంటానంటే దానికీ డబ్బు అడిగారు. వెనక్కి రాకముందే ఇంకో జర్నల్‌కు పంపితే ఒకేసారి రెండు చోట్ల పంపినట్టవుతుంది, అది పెద్ద తప్పు. ఆ ఊళ్ల పిల్లల పళ్ల లెక్క ఈ రోజుకీ ఎవరికీ పనికిరాకుండా ఉండిపోయింది. తలుచుకుంటే ఇప్పటికీ కోపం వస్తుంది.

విశాలమైన స్కోప్ అంటేనే మోసమని అనుకోకూడదు. 2006లో మొదలైన ప్లాస్ వన్ కూడా దాదాపు అన్ని శాస్త్రాలనూ తీసుకుంటుంది. ఫలితం ఎంత గొప్పదని చూడదు, పద్ధతి సరిగ్గా ఉందా అని చూస్తుంది. ఫీజు డాలర్లలో ఉంటుంది, దాన్ని ముందే చెప్తారు. మాలాంటి వాళ్ల జేబుకు అది బరువే.

అవయవాన్ని బట్టి నడిచే స్పెషలిస్ట్ జర్నళ్లు నాలుగోది. ఎముకలకు ఇండియన్ జర్నల్ ఆఫ్ ఆర్థోపెడిక్స్, నరాలకు న్యూరాలజీ ఇండియా, ఇంకా రేడియాలజీవి, పిల్లల పళ్ల డాక్టర్లవి. ఈమె పేపర్‌లో మెడ తిప్పలేని పెద్దవాళ్ల ఎక్స్‌రేలు కొన్ని ఉన్నాయి. చాలా విలువైనవి, కానీ సర్వే మధ్యలో రెండు పేరాల్లో నలిగిపోయాయి. రేడియాలజిస్టును రచయితగా కలుపుకుని, ఇంకా రోగులను చేర్చి, విడిగా రాయమన్నాను. అయితే ఒకే డేటాను ముక్కలు కోసి మూడు పేపర్లు చేయడం వేరు. విడి ప్రశ్న, విడి పద్ధతి ఉంటేనే విడి పేపర్. మొదటి పేపర్ సంగతి రెండోదాంట్లో దాచకుండా చెప్పాలి.

చివరిది మన దేశపు ప్రజారోగ్య జర్నళ్లు. ఇండియన్ జర్నల్ ఆఫ్ పబ్లిక్ హెల్త్, ఇండియన్ జర్నల్ ఆఫ్ కమ్యూనిటీ మెడిసిన్ లాంటివి. ఇంకాస్త గట్టి డేటా ఉంటే ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) వాళ్ల ఇండియన్ జర్నల్ ఆఫ్ మెడికల్ రీసెర్చ్ ఉంది. 1913 నుంచి నడుస్తున్న ఆ పత్రికలోనే షార్ట్ బృందం 1937లో మద్రాస్ ప్రెసిడెన్సీ ఫ్లోరోసిస్ గురించి రాసింది. జిల్లా స్థాయి సర్వే వీటికి పరాయిది కాదు. పైగా వీటిని చదివేది ఎవరు? ఫ్లోరోసిస్ కార్యక్రమం నడిపే జిల్లా అధికారులు, వేరే రాష్ట్రాల్లో ఇదే పని చేసే టీచర్లు. కృష్ణా నీళ్లు వచ్చినా, నల్లా నీళ్లు రాని రోజు ఇంకా బోరు నీళ్లే తాగే ఇళ్లున్నాయని ఈమె రాసింది. ఆ వాక్యం చదివి ఏదైనా చేయగలిగేది వాళ్లే. నా మొగ్గు ఇటే. ఇంపాక్ట్ ఫ్యాక్టర్ తక్కువైనా సరే.

ఇలా అన్నాక కూడా పేరు నేను చెప్పలేదు. రెండు జర్నళ్ల గత రెండేళ్ల సంచికలు తీసి, ఫ్లోరోసిస్ మీద, తాగునీటి మీద ఏమేం వేశారో చూడమన్నాను. ఒకదాంట్లో మొన్నమొన్నే ఇలాంటి సర్వే వచ్చి ఉంటే, దానికన్నా మన దగ్గర ఎక్కువేముందో కవర్ లెటర్ (పేపర్‌తో పాటు ఎడిటర్‌కు రాసే ఉత్తరం) మొదటి పేరాలోనే చెప్పాలి. పదాల పరిమితి, బొమ్మల పరిమితి, ఎథిక్స్ కమిటీ అనుమతి నంబర్ కూడా చూసుకోమన్నాను.

శనివారం వచ్చి చూపించింది. పేపర్ పేరు మార్చేసింది. ముందు 'మూడు గ్రామాల్లో దంత, అస్థి ఫ్లోరోసిస్ వ్యాప్తి' అని ఉండేది. ఇప్పుడు నల్లా నీళ్లు వచ్చాక కూడా బోరు నీళ్లు ఎందుకు తాగుతున్నారన్న ప్రశ్న పేరులోకే వచ్చింది. ఎక్స్‌రేలు తీసి పక్కన పెట్టింది. నీళ్ల పట్టిక రెండో పేజీకి తెచ్చింది. "ఎడిటర్ ముందు ఇదే చూడాలి కదా సార్" అంది. కవర్ లెటర్‌లో ఒక వాక్యం మాత్రం సరిదిద్ది ఇచ్చాను, సోమవారం అప్‌లోడ్ చేస్తుంది.