ఒబామా పర్యటన స్మారక వస్త్రం: మకోలా మార్కెట్‌లో కొన్న బట్టపై సమీక్ష

2009 జూలైలో అమెరికా అధ్యక్షుడు బరాక్ ఒబామా ఘానాకు వస్తున్నారని ఖాయమైన తరువాత రాజధాని ఆక్రా నగరమంతా ఆయన ముఖమే కనిపించసాగింది. కూడళ్లలో ఒబామా, ఘానా అధ్యక్షుడు జాన్ అట్టా మిల్స్ పక్కపక్కన నవ్వుతున్న పెద్ద బోర్డులు లేచాయి; నగరంలోని మకోలా మార్కెట్‌లో అవే ముఖాలు అచ్చువేసిన నూలు బట్ట తానులకు తానులు దిగింది. ఆ బట్టను నేను కొని, కుట్టించి, వాడి, ఎన్నోసార్లు ఉతికాను కనుక దాని గుణదోషాలను వివరంగా చెప్పగలను.

ప్రతి ముఖ్య సందర్భానికీ ఒక బట్టను అచ్చువేయించుకోవడం ఘానాలో పాత అలవాటు. 1957లో స్వాతంత్ర్యం వచ్చినప్పుడు దేశ తొలి నాయకుడు క్వామే ఎన్‌క్రూమా చిత్రంతో బట్టలు వచ్చాయి, 2007 స్వర్ణోత్సవాలకూ వచ్చాయి. చర్చి ఉత్సవాలకు, రాజకీయ పార్టీలకు, చివరికి అంత్యక్రియలకు సైతం ప్రత్యేకమైన అచ్చులుంటాయి. అందుకే మకోలాలో బట్ట కొనే స్త్రీలు బొమ్మను చూసిన వెంటనే బట్టను తిరగేసి వెనుకవైపు పరిశీలిస్తారు. అసలైన వ్యాక్స్ ప్రింట్‌లో రంగు అంటకుండా ఆపే రెజిన్ అనే జిగురుతో గీతలు వేసి రంగులో ముంచుతారు కనుక రెండు వైపులా రంగు సమానంగా పడుతుంది. మనిషి ముఖంలోని వెలుగునీడలు ఆ పద్ధతిలో సరిగా రావు కాబట్టి ఫొటోలున్న స్మారక వస్త్రాలను సాధారణంగా ఒకవైపే అచ్చువేస్తారు. వాటిని ఫ్యాన్సీ ప్రింట్ అంటారు; నేను కొన్నదీ ఆ రకమే.

అచ్చు పనితనం నన్ను మెప్పించింది. గుండ్రని చట్రాలలో ఇద్దరు నాయకుల ముఖాలు గుర్తుపట్టేలా స్పష్టంగా వచ్చాయి. ఎరుపు, పసుపు, ఆకుపచ్చ రంగులూ నల్ల నక్షత్రమూ కలిసిన ఘానా జెండా అమెరికా జెండాకు సమానమైన పరిమాణంలో ఉంది. మిల్స్‌ను అతిథి పక్కన నిలపడంలో మర్యాదను మించిన అర్థం ఉందని నా నమ్మకం. 2008 డిసెంబరు ఎన్నికలలో ఆయన గెలిచింది ఒక శాతం కూడా లేని తేడాతో. అయినా అధికారం ఒక పార్టీ నుంచి మరో పార్టీకి ప్రశాంతంగా చేతులు మారింది. సహారాకు దక్షిణాన ఉన్న ఆఫ్రికాలో ఒబామా తొలి పర్యటనకు తమ దేశాన్నే ఎంచుకోవడాన్ని ఘానా ప్రజలు ఆ ప్రశాంతతకు దక్కిన గౌరవంగా భావించారు. ఆ గర్వం బట్ట మీద కూడా కనబడుతుంది.

అసలు చిక్కు కుట్టించేటప్పుడు వస్తుంది. స్త్రీలు వేసుకునే కాబా రవికకు, స్లిట్ లంగాకు, పైన చుట్టుకునే గుడ్డకు కలిపి 6 గజాలు పడుతుంది. మామూలు పూల అచ్చయితే దర్జీ బట్టను ఎటు తిప్పి కత్తిరించినా ఇబ్బంది లేదు. ముఖాలున్న బట్టను తలకిందులు చేయకూడదు, కుట్టు ముఖం మధ్యగా పోకూడదు, కూర్చునే చోట ముఖం పడకూడదు. ఇవన్నీ పాటిస్తే వృథా పెరుగుతుంది కనుక ఒక గజం ఎక్కువగా తీసుకోవడం మంచిది. పురుషుల చొక్కాకు ఇంత ఇబ్బంది లేదు. వీపు మీద ఒక ముఖం నిండుగా వచ్చేలా కత్తిరిస్తే అందంగా ఉంటుంది.

మన్నిక విషయంలో మాత్రం నిరాశపడ్డాను. మొదటి ఉతుకులో గంజి పోయి బట్ట పలచబడింది, రెండో ఉతుకుకే ఎరుపు తెలుపులోకి దిగింది. కొనేటప్పుడు అంచు మీద మిల్లు పేరు ఉందో లేదో చూడాలి. స్థానిక మిల్లుల అచ్చులను విదేశాలలో నకలు చేసి చౌకగా తెచ్చి అమ్మడం వల్ల ఘానాలోని టెమా, అకోసొంబో పట్టణాల మిల్లులు చాలాకాలంగా దెబ్బతింటున్నాయి. శుక్రవారాలలో స్వదేశీ బట్ట ధరించాలని 2004లో ప్రభుత్వమే ప్రచారం మొదలుపెట్టిన దేశంలో, జాతీయ సంబరానికి కొనే బట్ట అక్కడి కార్మికులకు పని కల్పించాలని నేను గట్టిగా కోరుకుంటాను.

ఇన్ని లోపాలున్నా దీనిని కొనదగినదనే అంటాను. 1998లో అప్పటి అమెరికా అధ్యక్షుడు బిల్ క్లింటన్ వచ్చినప్పుడు ఆక్రాలోని ఇండిపెండెన్స్ స్క్వేర్‌లో లక్షల మంది ఆయన మాటలు ప్రత్యక్షంగా విన్నారు. ఒబామా జూలై 10 రాత్రి దిగి మరుసటి సాయంత్రానికే వెళ్లిపోయారు. ప్రసంగం అంతర్జాతీయ సమావేశ కేంద్రం లోపల, పార్లమెంటు సభ్యులకు, ఆహ్వానితులకు పరిమితమైంది. బయట రోడ్ల వెంట నిలబడిన సామాన్యులకు ఆ సంబరంలో తమదంటూ భాగం ఇచ్చిన వాటిలో ఈ బట్ట ఒకటి. వారాల ముందే దర్జీల దగ్గర ఆ హడావిడి చూసినవారికి ఈ మాట అతిశయోక్తిగా అనిపించదు.

రోజువారీ వాడకానికి కావాలంటే వ్యాక్స్ ప్రింటే కొనుక్కోండి. దాచుకోవడానికైతే దీనిని 2 గజాలు కత్తిరించకుండా తీసుకుని, ఉతకకుండా, ఎండ తగలనిచోట మడిచి పెట్టండి. కుట్టించుకున్నదాన్ని చల్లని నీళ్లలో విడిగా ఉతికి నీడన ఆరేయండి.