పార్కిన్సన్స్‌లో వైట్ మ్యాటర్ మార్పులు: మామూలు డీటీఐ, ఫ్రీ వాటర్, నోడీ – ఏది మేలు?

పార్కిన్సన్స్‌లో వైట్ మ్యాటర్ (మెదడులో నాడీ తంతువులుండే భాగం) మీద ఎంఆర్ఐ అధ్యయనం మొదలుపెట్టేవాళ్ళు తరచూ అడిగేది ఇదే: ఒక షెల్ డీటీఐ (తంతువుల్లో నీరు ఎటు, ఎంత కదులుతుందో కొలిచే ఎంఆర్ఐ) చాలదా, రెండు షెల్స్ తీయాల్సిందేనా? షెల్ అంటే ఒకే బి విలువతో, అంటే నీటి కదలికకు ఒకే స్థాయి సున్నితత్వంతో, తీసిన చిత్రాల గుంపు. మామూలు డీటీఐ, ఫ్రీ వాటర్, నోడీల ఈ పోలిక గుంపుల మధ్య తేడా వెతికే పరిశోధనకే. ఒక మనిషికి జబ్బు ఉందో లేదో వీటిలో ఏదీ తేల్చదు.

ఫ్లెయిర్ (మెదడు ద్రవాన్ని నల్లగా, మచ్చలను తెల్లగా చూపే ఎంఆర్ఐ) తప్పకుండా తీయండి, ఫజేకాస్ గ్రేడ్ (తెల్ల మచ్చల తీవ్రత కొలత) 0 నుంచి 3 వరకు వేయండి. అందులో కనిపించే తెల్ల మచ్చలు చాలావరకు చిన్న రక్తనాళాల జబ్బువే. వాటిని లెక్కలో పెట్టుకోవడానికే ఫ్లెయిర్.

నా దృష్టిలో అసలు విషయం వెంట్రికల్స్ (మెదడులోని ద్రవపు గదులు) పక్కన ఉంది. వయసుతో అవి పెద్దవవుతాయి. వాటిని ఆనుకున్న తంతు కట్టలు కార్పస్ కలోసమ్, ఫోర్నిక్స్ అంచుల్లో 2 మి.మీ. చిత్రపు గడి, అంటే వాక్సెల్‌లోకి మెదడు ద్రవం కొంత చేరుతుంది. ఆ నీరు అన్ని వైపులా ఒకేలా, సుమారు 3.0×10⁻³ చ.మి.మీ./సె. వేగంతో కదులుతుంది. మామూలు టెన్సర్ (డీటీఐ వాడే గణిత నమూనా) దాన్నీ తంతువులనూ కలిపేసి ఒకే సంఖ్య ఇస్తుంది. తంతువులు బాగానే ఉన్నా ఎఫ్ఏ (నీరు ఎంతగా ఒకే దిశలో కదులుతుందో చెప్పే సంఖ్య) పడిపోతుంది, మనం దాన్ని క్షీణత అని రాసేస్తాం. రెండు గుంపుల వయసులు సరిగా కలవకపోతే ఈ పొరపాటు మరీ ఎక్కువ.

ఫ్రీ వాటర్ పద్ధతి ఆ నీటిని విడిగా లెక్కగట్టి తీసేస్తుంది. బి=1000 ఒక్కటే ఉన్న, అంటే ఒకే షెల్ ఉన్న, డేటాలో (పార్కిన్సన్స్ మీద జరిగే పెద్ద అధ్యయనం పీపీఎంఐలో 64 దిశలు ఇలాంటివే) ఈ లెక్కకు జవాబులు చాలా వస్తాయి. అందుకని పక్క వాక్సెల్స్ ఆధారంగా సర్దుబాటు చేస్తారు, సన్నని వివరాలు కొంత చెరుగుతాయి. రెండో షెల్ ఉంటే ఆ ఇబ్బంది చాలావరకు తగ్గుతుంది. పైగా అదే స్కాన్‌లో సబ్‌స్టాన్షియా నైగ్రా (పార్కిన్సన్స్‌లో దెబ్బతినే మెదడు భాగం) వెనక భాగంలోని ఫ్రీ వాటర్ కూడా దొరుకుతుంది. పార్కిన్సన్స్‌లో అది పెరుగుతుందని పలు అధ్యయనాల్లో మళ్ళీ మళ్ళీ తేలింది.

2012లో లండన్ యూనివర్సిటీ కాలేజీ నుంచి వచ్చిన, తంతువుల అల్లికను అంచనా వేసే నమూనా అయిన నోడీకి బి=700, 2000 లాంటి రెండు షెల్స్ కావాలి. తంతువుల సాంద్రత, దిశల చెదురు విడివిడిగా ఇస్తుంది. అయితే తంతువుల్లో వ్యాపన వేగం 1.7×10⁻³ అని ముందే బిగించేస్తుంది. జబ్బు వల్ల ఆ వేగమే మారితే, మార్పు సాంద్రతలో కనిపిస్తుంది. అందుకే రెండు షెల్స్ తీసి, ముందు ఫ్రీ వాటర్ తీసేసిన ఎఫ్ఏ చూడమంటాను. నోడీ దానికి తోడుగా ఉండాలి.

వెంట్రికల్స్ పైన తంతు కట్టలు కలిసే సెంట్రమ్ సెమీఓవేల్‌లో మాత్రం జాగ్రత్త. అడ్డంగా కలిసే రెండు కట్టల్లో ఒకటి పలచబడితే ఎఫ్ఏ పెరుగుతుంది. అది మెరుగు కాదు, ఫ్రీ వాటర్ సవరణా దాన్ని సరిచేయదు.

సమయానికి భయపడక్కర్లేదు. 70 వాల్యూమ్‌లు (మెదడు మొత్తం చిత్రాలు), టీఆర్ (ఒక్కో వాల్యూమ్‌కు పట్టే సమయం) 8 సెకన్లు అయితే 9 నిమిషాల 20 సెకన్లు. ఒకేసారి పలు పొరలు తీసే మల్టీబ్యాండ్‌తో టీఆర్ 3.5కు తగ్గితే 100 వాల్యూమ్‌లకు 6 నిమిషాల లోపే. తల కదలడమే పెద్ద బెడద: మందు ప్రభావం తగ్గినప్పుడు వణుకు, పనిచేస్తున్నప్పుడు డిస్కైనీసియా (అనుకోని కదలికలు). రోగులందరినీ, ప్రతి విడతలోనూ, లెవోడోపా (పార్కిన్సన్స్ మందు) వేసుకున్న తర్వాత ఒకే వ్యవధిలో స్కాన్ చేయండి. తలకు రెండు వైపులా ప్యాడ్‌లు, చేతుల కింద దిండ్లు పెట్టండి. స్కాన్ అయ్యాక డేటా శుద్ధిలో డీనాయిజింగ్ (చిత్రపు రొద తీయడం) అన్నిటికంటే ముందు, తర్వాత గిబ్స్ సవరణ (అంచుల దగ్గరి చారలు తీయడం), ఆపైన టాప్‌అప్ (చిత్రపు వంకర సరిచేసేది), ఎడ్డీ (తల కదలిక, ఎడ్డీ కరెంట్ల వంకర సరిచేసేది). టాప్‌అప్ కోసం ఫేజ్ దిశ తిప్పి తీసే బి=0 వాల్యూమ్‌లకు నిమిషం కూడా పట్టదు. మరిచిపోతే మాత్రం, రోగి టేబుల్ దిగాక వాటిని తెచ్చుకునే దారి లేదు.