పర్లాకిమిడి పెరట్లో చవక ఎయిర్ రైఫిల్: బాగా వాడాక రాస్తున్న మాట

పది వేల రూపాయల లోపు దొరికే స్ప్రింగు ఎయిర్ రైఫిల్‌ గురించి పెట్టె విప్పిన రోజే తీర్పు చెప్పేసేవాళ్ల మాట పట్టించుకోకండి. మొదటి పెల్లెట్ల (చిన్న సీసం గుళ్ల) డబ్బా ఖాళీ అయ్యేదాకా దాని అసలు గుణం బయటపడదు. నా దగ్గరున్నది మన దేశంలోనే తయారైన .177 రకం (అంటే 4.5 మిల్లీమీటర్ల బోరు), బ్యారెల్ మడిచి లోడు చేసేది. మడిస్తే లోపలి స్ప్రింగు నొక్కుకుంటుంది, ట్రిగ్గరు లాగితే అది పిస్టన్ని ముందుకి తోసి ఆ గాలితో పెల్లెట్‌ని విసురుతుంది. ఒడిశాలోని మా గజపతి జిల్లా వానాకాలాలు చాలానే చూసింది. కంపెనీ పేరు రాయడం లేదు. ఈ ధరలో వచ్చేవాటిలో లోపలి సరంజామా దాదాపు ఒకటే, తేడా అంతా పైన చేత్తో పట్టుకునే కట్టెలోనూ పెట్టె మీది బొమ్మలోనూ.

నిజానికి మనసు మొదట 12 బోరు సెమీ ఆటోమేటిక్ (కాల్చగానే తనే మళ్లీ లోడయ్యే) షాట్‌గన్ మీదకి పోయింది. కొత్త షాట్‌గన్ కొనుక్కుని, గట్టి లోడున్న తూటాలు కొన్ని డబ్బాలు కాల్చి, దాన్ని దారికి తెచ్చుకునే అమెరికా వాళ్ల వీడియోలు చూసి పుట్టిన ఆశ అది. గ్యాసుతో నడిచే కొత్త తుపాకీకి మొదట్లో తక్కువ మందున్న తూటా సరిపోదు, పేలిన డొప్పని బయటికి విసరలేక ఇరుక్కుంటుంది. అందుకని ఆ తంతు. కానీ మన దగ్గర తూటా కొనడమే ఒక పని. మా మావయ్యకి తోట కాపలాకి లైసెన్సున్న రెండు గొట్టాల 12 బోరు ఉంది. ఎన్నికలొస్తే చాలు, స్టేషన్లో అప్పజెప్పమని కబురొస్తుంది. రసీదు జాగ్రత్త చేసుకోవాలి, అయ్యాక మళ్లీ వెళ్లి తెచ్చుకోవాలి. ఆయుధ చట్టానికి 2019లో చేసిన సవరణతో లైసెన్సు గడువు మూడేళ్ల నుంచి ఐదేళ్లయింది గానీ తిరుగుడు తగ్గలేదు. "నీకెందుకురా ఈ టెన్షను, పెరట్లో గురి చూసుకోడానికి గాలి తుపాకీ చాల్దా?" అన్నాడు. చాలింది.

4.5 మిల్లీమీటర్ల బోరు, 20 జౌళ్ల లోపు శక్తి ఉన్న ఎయిర్ రైఫిల్‌కి లైసెన్సు అక్కర్లేదు. 0.52 గ్రాముల పెల్లెట్ సెకనుకి 240 మీటర్ల వేగంతో వెళ్తే లెక్క 15 జౌళ్ల దగ్గర తేలుతుంది, అంటే హద్దు లోపలే. కొట్టువాడు గుర్తింపు కార్డు నకలు తీసుకున్నాడు, బిల్లు ఇచ్చాడు. ఆ బిల్లు ఫొటో ఫోన్లో ఉంచుకోండి. ఇటు ఆంధ్రా సరిహద్దులో పొడవాటి సంచి భుజాన వేసుకుని పాతపట్నం బస్సెక్కితే ఎవరో ఒకరు ఆపి అడుగుతారు. చూపిస్తే వదిలేస్తారు, తప్పేం కాదు.

ఇక అలవాటు చేయడం సంగతి. కొత్తదాన్ని మొదటిసారి కాల్చినప్పుడు చప్పుడు .22 రైఫిలంత వస్తుంది, గొట్టం మూతి నుంచి పొగ, మాడిన నూనె వాసన. చెడిపోయిందేమో అని కంగారు పడొద్దు. ఫ్యాక్టరీలో పూసిన గ్రీజు పిస్టన్ ముందు చేరి, గాలి ఒక్కసారిగా నొక్కుకుపోయినప్పుడు పుట్టే వేడికి అంటుకుంటుంది. డీజిల్ ఇంజను పనిచేసేదీ ఈ సూత్రం మీదే, అందుకే దీన్ని డీజిలింగ్ అంటారు. ఆ దశలో ఒక గుండు పైకి, ఒకటి కిందకి. సైటు (గురి చూసే ముక్క) తిప్పుతూ కూర్చోవడం దండగ. గొట్టాన్ని పొడిగుడ్డతో లాగి తుడిచి, కాలుస్తూ పోవడమే. కొన్ని వందల పెల్లెట్లకి పొగ ఆగుతుంది, చప్పుడు మెత్తబడుతుంది, స్ప్రింగు కూడా కాస్త కుదురుకుని వేగం నిలకడకొస్తుంది. ఈ పొగ చూసి కుట్టుమిషను నూనె పోసేవాళ్లున్నారు, అది అగ్గికి ఆజ్యం. పిస్టన్ సీలు కోసమైతే సిలికాన్ నూనె ఒక్క చుక్క, అదీ ఎప్పుడో ఒకసారి.

పొగ ఆగాక కూడా నాదానికి బలం చాలడం లేదనిపించింది. బ్యారెల్ మూసుకునే చోట రబ్బరు రింగు ఉంటుంది. ఆ అతుకు మీద టిష్యూ కాగితం పీలిక వేసి, పెల్లెట్ పెట్టే కాల్చి చూశాను. కాగితం ఎగిరి పక్కన పడింది. గాలి అక్కడే పోతోందన్నమాట. పిన్నుతో రింగు పైకి లాగి, దాని కింద పలచటి ప్లాస్టిక్ చుట్టు కత్తిరించి పెట్టి మళ్లీ చూస్తే కాగితం కొంచెం కూడా కదల్లేదు. పెల్లెట్ రేకు డబ్బాకి తగిలే చప్పుడులోనే తేడా తెలిసింది. కొత్తదానికి ఈ పని నేనెందుకు చేసుకోవాలి అని అడిగితే, న్యాయమే. పది వేలకి వచ్చేది ఇంతే. కొట్టువాడికి ఫోన్ చేస్తే "అలాగే ఉంటాయండీ" అన్నాడు.

మరలు కూడా అంతే. స్ప్రింగు రైఫిల్ ముందు వెనక్కి తన్ని, పిస్టన్ గమ్యం చేరగానే ముందుకి కుదుపుతుంది. ఈ రెండు వైపుల ఊపుకి కట్టె మరలు వాటంతటవే వదులవుతాయి. గురి ఉన్నట్టుండి చెడిందంటే సైటుని తిట్టే ముందు స్క్రూడ్రైవరు తీయండి. నీలం రంగు థ్రెడ్‌లాక్ (మరలు వదలకుండా పట్టే జిగురు) ఒక్కో చుక్క వేశాక నాకు ఆ బాధ వదిలింది. ఈ ఊపుకే చవక స్కోపులు లోపల విరిగిపోతాయి. మామూలు రైఫిల్ స్కోపు ఒకటే వైపు తన్నుకి తయారైంది. నేను స్కోపు తీసేసి ఇనుప సైట్లతోనే కాలుస్తున్నాను, పది మీటర్లకి స్కోపు దేనికి?

పట్టుకోవడంలో ఒక మెలకువ ఉంది. గట్టిగా బిగించి పట్టుకుంటే గుళ్లు చెల్లాచెదురు. ఇసుక సంచి మీద ఆనిస్తే మరీ అధ్వానం. ముందుకట్టెని తెరిచిన అరచేతిలో ఊరికే ఆనించి, దాని మానాన దాన్ని ఊగనివ్వాలి, ప్రతిసారీ అదే చోట. ఇది చేతికి పట్టుబడ్డాక పది మీటర్లలో ఐదు గుళ్లు రూపాయి బిళ్ల కిందకి వస్తున్నాయి. ట్రిగ్గరు మాత్రం నాకు ఈనాటికీ నచ్చదు. బరువు, పొడుగు లాగుడు, ఎక్కడ తెగుతుందో చివరిదాకా తెలీదు. వాడకంతో కొంచెం నునుపెక్కింది, అంతే.

పెల్లెట్ల దగ్గర పిసినారితనం పనికిరాదు. చవక డబ్బాలో సగం గుళ్లకి వెనకవైపు అంచు నొక్కుకుపోయి ఉంటుంది. కొన్ని బ్యారెల్లో వదులుగా జారతాయి, కొన్ని బొటనవేలు నొప్పెట్టేదాకా దిగవు. ఒకే తుపాకీ, ఒకే చెయ్యి, డబ్బా మారితే గుళ్లు పడే గుంపు వెడల్పు రెట్టింపవుతుంది. కాగితం మీద కాల్చేవాళ్లు తల చదునుగా ఉన్నవి తీసుకోండి, గుండ్రంగా శుభ్రమైన బెజ్జం పడుతుంది. అంతా సీసమే కాబట్టి కాల్చాక చేతులు కడుక్కోకుండా అన్నం ముట్టొద్దు. పెల్లెట్ లేకుండా ఉత్తినే కాల్చొద్దు, పిస్టన్‌కి అడ్డుపడే గాలి లేక నేరుగా ఇనుముకి కొట్టుకుంటుంది. స్ప్రింగు నొక్కి ఉంచి టీకి వెళ్లిపోవడం కూడా దాని ఆయుష్షు తీయడమే.

మహేంద్రతనయ నది పక్క గాలి ఇనుముకి శత్రువు. ఆషాఢం నుంచి కార్తీకం దాకా పైకి కనబడే నలుపు మీద ఎర్రటి చుక్కలు మొలుస్తూనే ఉంటాయి, ముఖ్యంగా చెయ్యి పడే చోట. కాల్చిన ప్రతిసారీ నూనె గుడ్డతో బ్యారెల్ తుడిచి పెడతాను. కంపెనీ ఇచ్చిన స్పాంజి సంచిలో మాత్రం పెట్టను, అది చెమ్మ పీల్చుకుని తుప్పుని పెంచుతుంది. పాత పంచెలో చుట్టి బీరువాలో నిలబెడితే బాగుంది. తాళం మాత్రం తప్పనిసరి, ఇంట్లో గుంటలున్నారు.

"ఏటి బాబూ, కోతుల కోసమేనా?" అని వీధిలో అందరూ అడిగారు. కాదు. ఈ గుండుకి కోతి చావదు, పుండుతో తిరిగి తిరిగి కుళ్లుతుంది. 1960 నాటి జంతుహింస నివారణ చట్టం ఒకటుంది. పిట్టల్ని కొడితే 1972 వన్యప్రాణి చట్టం. నేను కాల్చేది పాత గుడ్డలు కుక్కిన చెక్కపెట్టెకి అంటించిన కాగితాన్నే, వెనకాల మట్టిగోడ ఉంది. గట్టి రాతి గోడకైతే పెల్లెట్ వెనక్కి తుళ్లి కంటికి వస్తుంది, కళ్లద్దాలు పెట్టుకోండి.

పిల్లల్ని పోటీలకి పంపాలనుకునేవాళ్లు మాత్రం దీన్ని కొనకండి. 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ టార్గెట్‌లో పది మార్కుల చుక్క అర మిల్లీమీటరే. 2012 లండన్‌లో మన హైదరాబాదు గగన్ నారంగ్ కాంస్యం తెచ్చిన ఆ పోటీలో వాడేవి ముందే నింపిన గాలితో నడిచే, తన్నే లేని రైఫిళ్లు. వాటి ధర లక్షల్లో ఉంటుంది, వాటికోసం క్లబ్బులో చేరడమే దారి. సాయంత్రం గంటసేపు పెరట్లో కాలక్షేపానికైతే ఇది చాలు. నాదానికి ఇప్పుడు స్ప్రింగు నీరసించింది, కొత్తది కొన్ని వందల్లోనే వస్తుంది. అయితే దాన్ని బిగింపు పరికరం లేకుండా విప్పకండి, లోపల నొక్కుకుని ఉన్న స్ప్రింగు వెనక మూతని మొహం మీదకి విసిరేస్తుంది.