సంపద లేని బ్యాట్‌మన్: ‘ఆబ్సల్యూట్ బ్యాట్‌మన్’ తొలి సంచిక

డీసీ కామిక్స్ 2024 అక్టోబరులో తెచ్చిన ఈ సంచికలో రచయిత స్కాట్ స్నైడర్, బ్యాట్‌మన్ ముసుగు వెనకున్న బ్రూస్ వేన్ నుంచి కోట్ల ఆస్తినీ, భవంతినీ తీసేసి, అతణ్ణి కష్టపడి బతికే సివిల్ ఇంజనీరుగా నిలబెట్టారు. తండ్రి ఒక బడి పంతులు. జంతు ప్రదర్శనశాలలో జరిగిన కాల్పుల్లో చనిపోతాడు. తల్లి మార్తా మాత్రం, పాత కథలోలా భర్తతోపాటు చనిపోకుండా, బతికే ఉంటుంది. ఈ ఒక్క మార్పుతోనే పాత కథకు కొత్త ప్రాణం వచ్చిందని నా అభిప్రాయం. పోగొట్టుకోవడానికి ఇంకా ఒక మనిషి మిగిలి ఉన్నవాడి తెగువ వేరుగా ఉంటుంది.

నిక్ డ్రగోటా బొమ్మలు అంతకంటే బలమైనవి. మనిషి గోడంత వెడల్పుగా, మోటుగా ఉంటాడు; ఛాతీ మీది గబ్బిలం గుర్తు ఊడి చేతిలోకి వచ్చి గొడ్డలిగా మారే ఘట్టం దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. ఫ్రాంక్ మార్టిన్ రంగులు ఆ బరువును ఎక్కడా తేలిపోనివ్వలేదు.

అయితే, కథ చెప్పే పాత్ర ఆల్ఫ్రెడ్ మాటలు కొన్ని పుటల్లో బొమ్మలకు అడ్డుపడ్డాయి. చిత్రమే స్పష్టంగా చెబుతున్న చోట రచయిత ఇంకాస్త మౌనంగా ఉండవలసింది.