గ్వాలియర్ కోట: పైన నీలి పెంకులు, కింద షెహజాదాల జైలు

ఢిల్లీ వెళ్ళే మన రైళ్ళు చాలావరకు గ్వాలియర్‌లో ఆగుతాయి. దిగేవాళ్ళే తక్కువ. మొగలుల చరిత్ర మీద ఇష్టముంటే ఒక రోజు కేటాయించొచ్చు.

కొండెక్కడానికి రెండు దారులు. ఉర్వాయి గేటు వైపు కారు పైదాకా పోతుంది, దారి పక్కనే కొండరాతిలో చెక్కిన జైన తీర్థంకరులు కనిపిస్తారు. గ్వాలియర్ గేటు వైపు నడకే. పెద్దవాళ్ళుంటే కారే నయం. మోకాళ్ళు సహకరిస్తే దిగేటప్పుడు నడవండి, కింద గుజరీ మహల్ మ్యూజియం తగులుతుంది.

రాజా మాన్‌సింగ్ తోమర్ కట్టించిన మాన్ మందిర్ గోడల మీద నీలి పెంకుల మధ్య పసుపు బాతులు బారులు తీరి ఉంటాయి. అందరూ ఫొటోలు అక్కడే తీసుకుంటారు. అసలు కథ నేలకింద గదుల్లో ఉంది. మా గైడ్ రాణుల ఉయ్యాల గురించి పావుగంట చెప్పి, జైలు సంగతి ఒక్క ముక్కలో తేల్చేశాడు. అడిగితే గానీ నోరు విప్పలేదు.

గద్దె మీద హక్కున్నవాణ్ణి రాజధానిలో ఉంచితే ముప్పు, బాహాటంగా చంపితే చెడ్డపేరు. అందుకే మొగలులు అలాంటివాళ్ళను ఈ కొండ మీదికి పంపేవారు. ఔరంగజేబు తమ్ముడు మురాద్‌ను ఇక్కడే బంధించి, పాత హత్య కేసొకటి పైకి తీసి 1661లో చంపించాడు. ఔరంగజేబు అన్న దారా షికో కొడుకు సులేమాన్‌ది ఇంకా ఘోరం. గసగసాల కాయలు నానబెట్టిన నీళ్ళు రోజూ తాగించి మనిషిని కొద్దికొద్దిగా చంపే పద్ధతి గురించి ఆ కాలంలో ఢిల్లీలో ఉన్న ఫ్రెంచి వైద్యుడు బెర్నియర్ రాశాడు. సులేమాన్ 1662లో ఇక్కడే పోయాడు. ఇదంతా విన్నాక, నడి మధ్యాహ్నం కూడా చల్లగా, మసకగా ఉండే ఆ గుండ్రటి గదిలో ఎక్కువసేపు నిలబడబుద్ధి కాలేదు.

ఇక్కణ్ణుంచి బతికి బయటపడ్డవారిలో సిక్కుల ఆరో గురువు హర్‌గోబింద్ ఒకరు. జహంగీర్ ఆయన్ను ఖైదు చేశాడు. విడుదలైనప్పుడు తనతోపాటు 52 మంది రాజులను విడిపించారని సిక్కులు చెప్పుకుంటారు. కోట మీదే దాతా బందీ ఛోడ్ గురుద్వారా ఉంది. అక్కడ అందరికీ ఉచితంగా వడ్డించే లంగర్‌లో భోజనం చేయండి, పైన ఇంతకన్నా మంచి తిండి మాకు దొరకలేదు.

బస విషయానికొస్తే, స్టేషన్ ఎదురుగా మేం దిగిన లాడ్జిలో రాత్రంతా రైళ్ళ మోతే, పొద్దున వేణ్ణీళ్ళూ రాలేదు. కాస్త ఎక్కువైనా ఊళ్ళోపల గది తీసుకోండి. సాయంత్రం సౌండ్ అండ్ లైట్ షో చూడాలనుకుంటే కిందికి తీసుకెళ్ళే బండి ముందే మాట్లాడుకోండి, చీకటి పడ్డాక పైన ఆటోలు దొరకవు.