క్షమను కొలిచే ప్రశ్నావళులు: సంస్కృతుల మధ్య పోలికకు ఏది మేలు?

రెండు భిన్న సంస్కృతులవారిలో క్షమాగుణాన్ని పోల్చాలంటే ట్రిమ్-18 (నొప్పించిన మనిషి పట్ల ధోరణిని అడిగే 18 అంశాల ప్రశ్నావళి) వాడాలా, మనస్తత్వవేత్త రాబర్ట్ ఎన్‌రైట్ ప్రశ్నావళి వాడాలా అని పరిశోధక విద్యార్థులు తరచూ అడుగుతుంటారు. రెండింటికీ ఆల్ఫా (అంశాల మధ్య పొందికను చూపే సంఖ్య) విలువలు బాగానే వస్తాయి గనుక ఏదైనా ఒకటేనని కొందరి నమ్మకం. కానీ ఆల్ఫా చెప్పేది ఒక సమూహంలో వచ్చిన జవాబులు తమలో తాము పొసగుతున్నాయని మాత్రమే. రెండు సమూహాల్లోనూ కొలుస్తున్నది ఒకే గుణమని అది హామీ ఇవ్వదు.

ఎన్‌రైట్ ప్రశ్నావళిలోని 60 అంశాలు భావాలు, ప్రవర్తన, ఆలోచనల మధ్య సమానంగా పంచి ఉంటాయి. వాటిలో క్షమ అనే మాటే రాదు కాబట్టి, మంచివాళ్లమనిపించుకోవాలన్న తాపత్రయం జవాబుల్లోకి చొరబడే అవకాశం కొంత తగ్గుతుంది. నిడివే దానికి ఇబ్బంది. ట్రిమ్-18లో పగకు 5, దూరం పాటించడానికి 7, సద్భావానికి 6 అంశాలు ఉన్నాయి. ఒకే మనిషిలో కాలక్రమేణా వచ్చే మార్పును పట్టుకోవడానికి ఇది చక్కగా పనికొస్తుంది.

చిక్కంతా దూరం పాటించడం గురించిన ఆ ఏడు అంశాలతోనే. తనను నొప్పించిన మనిషితోనే రోజూ కలిసి బతకక తప్పనివారు, వీలైనంత దూరంగా ఉంటున్నారా అన్న ధోరణి ప్రశ్నకు 'లేదు' అనే గుర్తు పెడతారు. లోపల కోపం చెక్కుచెదరకపోయినా లెక్కలో మాత్రం క్షమించినవారిగా తేలుతారు. తెగతెంపులు సులువైన సమాజంలో, కోపమంతా పోయినవారు కూడా దూరంగానే ఉండిపోయి, క్షమించనివారి జాబితాలో చేరతారు. ఇక ఆ రెండు సగటులను పక్కపక్కన పెడితే తెలిసేది మనసుల తేడా కాదు, పరిస్థితుల తేడా.

అందుకే నా మొగ్గు మనస్తత్వవేత్త వర్తింగ్టన్ బృందం రూపొందించిన జంట కొలమానాల వైపు: క్షమించాలన్న నిర్ణయానికి 8 అంశాలు, లోపలి భావోద్వేగం మారడానికి మరో 8. సామూహిక జీవనానికి పెద్దపీట వేసే సమాజాల్లో క్షమ ప్రధానంగా సామరస్యం కోసం తీసుకునే నిర్ణయమని హుక్, వర్తింగ్టన్, అట్సే 2009లో వాదించారు. రెండింటినీ విడివిడిగా కొలిస్తేనే ఆ వాదన నిలుస్తుందో లేదో తేలుతుంది. నిర్ణయపు అంశాల మీద కూడా పరిస్థితుల నీడ పడకపోదు గానీ, కనీసం అది భావోద్వేగపు లెక్కలో కలిసిపోదు.

మరో ప్రశ్నావళి అయిన హార్ట్‌ల్యాండ్ స్కేలు మనిషికి సాధారణంగా ఉండే క్షమించే స్వభావాన్ని కొలిచేది. ఒక నిర్దిష్ట అపరాధం గురించి అడగాలనుకుంటే దాని జోలికి పోనక్కర్లేదు.

ఏది ఎంచుకున్నా, సగటులను పోల్చేముందు కారక నిర్మాణం (ఏ అంశాలు ఏ గుణం కింద చేరతాయన్నది), భారాలు (ఒక్కో అంశానికి ఆ గుణంతో ఉన్న బంధం బలం), అంతరఖండాలు (గుణం ఒకే స్థాయిలో ఉన్నప్పుడు ఒక్కో అంశానికి వచ్చే స్కోరు) రెండు సమూహాల్లోనూ సమానమో కాదో వరుసగా పరీక్షించాలి. ఒకటి రెండు అంశాల్లోనే అంతరఖండాలు తేడాగా ఉంటే వాటిని ఒక్కో సమూహానికి విడిగా అంచనా వేసి ముందుకు సాగవచ్చు. చాలా అంశాల్లో తేడా ఉంటే సగటుల పోలిక మానుకుని, ఒక్కో సమూహంలో క్షమకు ఇతర గుణాలతో ఉన్న సంబంధాన్ని చూడటంతో సరిపెట్టుకోవాలి.