మెయిన్‌ఫ్రేమ్‌పై కొత్త పని: కోబాల్ మేలా, జావా మేలా?

తేడా ఒక్క పైసా. బ్యాంకుల వంటి పెద్ద సంస్థలు వాడే భారీ కంప్యూటర్ మెయిన్‌ఫ్రేమ్. దానిపై నడిచే పాత కోబాల్ భాషా ప్రోగ్రాములోని వడ్డీ లెక్కను జావాలో తిరగరాసి, రెండింటినీ ఒకే రాత్రి ఒకే ఫైలు మీద నడిపి చూశాం. చాలా ఖాతాలు సరిపోయాయి. కొన్నింటిలో మాత్రం జావా ఒక పైసా ఎక్కువ చూపించింది. వడ్డీ 1234.567 వచ్చిన చోట కోబాల్ 1234.56 రాస్తే, జావా 1234.57 రాసింది. జావాలో రాసినవారు బడిలో నేర్పినట్టే దగ్గరి పైసాకు సవరించారు. కోబాల్ అలా చేయదు. ‘రౌండెడ్’ అనే మాట ప్రత్యేకంగా రాస్తే తప్ప మిగిలిన అంకెలను కోసేస్తుంది. పాత ప్రోగ్రాములో ఆ మాట లేదు. ఎందుకు లేదో చెప్పగలిగినవారు ఎప్పుడో రిటైరయ్యారు.

మరి ఏది ఒప్పు? ఏళ్ల తరబడి ఖాతాదారులకు వెళ్లిన స్టేట్‌మెంట్లన్నీ కోసేసిన లెక్కతోనే వెళ్లాయి కాబట్టి కోబాల్ లెక్కే ఒప్పు. అప్పటి నుంచి ఏ భాష మేలని ఎవరు అడిగినా నా మొదటి ప్రశ్న ఒకటే: ఆ పని డబ్బు లెక్కకు ఎంత దగ్గరగా ఉంది?

కోబాల్ 1959లో రూపుదిద్దుకోవడం మొదలైంది. దానికి డబ్బు లెక్క పుట్టుకతో వచ్చిన విద్య. 1234.56 అనే మొత్తాన్ని చుక్కకు ముందు ఏడు అంకెలు, తరువాత రెండు ఉన్న కాంప్-3 (అంకెలను కుదించి దాచే పద్ధతి) ఫీల్డులో పెట్టి చూడండి. ఫైలులో అది 00 01 23 45 6సి అని అయిదు బైట్లలో కూర్చుంటుంది. ప్రతి అంకెకు అర బైటు, చివరి అర బైటులో గుర్తు: సి అంటే ధనం, డి అంటే ఋణం. చుక్క ఫైలులో ఎక్కడా ఉండదు, దాని చోటు కాపీబుక్‌కు (రికార్డులో ఏ ఫీల్డు ఎక్కడుందో చెప్పే వర్ణనకు) తెలుసు. ఇలాంటి అంకెలను నేరుగా కూడే ఆదేశాలు 1964 నాటి సిస్టమ్/360 నుంచి యంత్రంలోనే ఉన్నాయి. ఆ ఫీల్డులోకి పొరపాటున ఖాళీలు వచ్చి పడితే లెక్క దగ్గర ప్రోగ్రాము సాక్ సెవెన్‌తో, అంటే చెల్లని అంకెలు దొరికాయనే దోష సంకేతంతో ఆగిపోతుంది. అర్ధరాత్రి ఫోను మోగుతుంది, నిద్ర పాడవుతుంది, నిజమే. కానీ తప్పు లెక్క తెల్లారేలోగా ఖాతాల్లోకి చేరిపోవడం కన్నా అది వెయ్యి రెట్లు నయం.

జావాలో డబుల్ అనే ద్విసంఖ్యామాన రకం వాడి 0.1కి 0.2 కలిపితే 0.30000000000000004 వస్తుంది. అందుకే డబ్బుకు బిగ్‌డెసిమల్ అనే దశాంశ రకం వాడతారు. అది కచ్చితమైనదే. అయితే ప్రతి మొత్తం ఒక ఆబ్జెక్టు అవుతుంది, ప్రతి కూడికా ఒక మెథడ్ పిలుపు అవుతుంది. పదిని మూడుతో భాగించి, ఎలా సవరించాలో చెప్పకపోతే ప్రోగ్రాము ఎక్సెప్షన్‌తో ఆగుతుంది.

అంత మాత్రాన జావాను పక్కన పెట్టాలని నేను అనను. మొబైల్ యాప్ నుంచి జేసన్ అనే పాఠ్య రూపంలో వచ్చే అభ్యర్థన చదవడం, మరో సర్వర్‌తో మాట్లాడటం, పరీక్షలు ఆటోమేటిక్‌గా నడపడం వంటి పనుల్లో జావాకు ఉన్న లైబ్రరీల సంపద కోబాల్‌కు లేదు. ఖర్చు సంగతి కూడా ఉంది. మెయిన్‌ఫ్రేమ్ ఆపరేటింగ్ సిస్టమ్ జడ్ ఓఎస్ మీద జావా పని చాలావరకు జిప్ అనే ప్రత్యేక ప్రాసెసర్లపైకి వెళ్లగలదు. సాధారణ ప్రాసెసర్ వాడకాన్ని బట్టి వేసే సాఫ్ట్‌వేర్ బిల్లులో ఆ భాగం చేరదు. మామూలు కోబాల్ బ్యాచ్‌కు (వరుసగా నడిచే పనుల మూటకు) ఆ వెసులుబాటు లేదు. కానీ రాత్రి బ్యాచ్‌లో వందల చిన్న స్టెప్పులుంటే, ఒక్కో స్టెప్పుకూ జావాను నడిపే వర్చువల్ యంత్రాన్ని మొదటి నుంచి లేపడం దండగ.

జావాకు మారేవారు తరచుగా కాలు జారే చోటు ఇంకొకటుంది. మెయిన్‌ఫ్రేమ్ వాడే అక్షర సంకేత పద్ధతి ఎబ్సిడిక్‌లో అక్షరాలు ముందు, అంకెలు తరువాత. జావా పోల్చే వరుసలో అంకెలే ముందు. పాలసీ నంబర్లు కొన్ని అక్షరంతో, కొన్ని అంకెతో మొదలవుతాయనుకోండి. మెయిన్‌ఫ్రేమ్ సార్ట్ చేసిన రెండు ఫైళ్లను జావాతో జత కలపబోతే, ఆ రెండు రకాలూ కలిసే చోట జత తప్పిపోతుంది. అక్కడ దోషం వెతకడానికి రోజులు పడతాయి.

నా తీర్పు ఇది: ఉన్న లెక్క కోబాల్‌లోనే ఉండనివ్వాలి, బయటి ప్రపంచంతో మాట్లాడే కొత్త పొరను జావాలో రాయాలి. 2022లో వచ్చిన ఐబీఎం కంపైలర్ ఎంటర్‌ప్రైజ్ కోబాల్ 6.4తో ఈ రెండూ ఒకదాన్నొకటి పిలుచుకోవడం బాగా సులువైంది. మా వడ్డీ లెక్క కూడా చివరికి ఆ దారిలోనే స్థిరపడింది.

చిన్న చిన్న సహాయ పనులకు మెయిన్‌ఫ్రేమ్ స్క్రిప్టు భాష రెక్స్ బదులు పైథాన్ వాడవచ్చా? మెయిన్‌ఫ్రేమ్‌లో ఫైళ్లు దిద్దే ఐఎస్‌పీఎఫ్ తెరల్లో పనిచేసే మాక్రోలకు రెక్స్‌ను మించింది లేదు. అది దశాంశాల్లోనే లెక్కిస్తుంది కూడా. కానీ మామూలుగా తొమ్మిది అంకెలే నిలుపుకుంటుంది, కాబట్టి 12,34,56,789.50 లెక్కలోకి వెళ్లి 12,34,56,790గా బయటికి వస్తుంది. ‘న్యూమెరిక్ డిజిట్స్’ పెంచడం మరవకండి. నివేదికలు, లాగ్ ఫైళ్లు చదివే పనులకైతే నేను పైథాన్‌కే ఓటు వేస్తాను. కొత్తగా చేరినవారు మొదటి వారంలోనే చదవగలరు.

చదవగలిగే మనుషులు ఉండటం చిన్న విషయం కాదు. 2020 ఏప్రిల్‌లో అమెరికాలోని న్యూజెర్సీలో నిరుద్యోగ భృతి దరఖాస్తులు వెల్లువెత్తినప్పుడు, కోబాల్ తెలిసినవారు స్వచ్ఛందంగా సాయానికి రావాలని గవర్నర్ ఫిల్ మర్ఫీ కోరారు. 2000 సంవత్సరపు సమస్య రోజుల్లో అమీర్‌పేట శిక్షణ కేంద్రాల్లో కోబాల్, జేసీఎల్ (పనులు నడిపించే ఆదేశాల భాష), డీబీ2 (డేటాబేస్) నేర్చుకుని విమానం ఎక్కిన తరం మనది. ఆ తరం ఇప్పుడు రిటైర్మెంటుకు దగ్గర పడుతోంది. వారు తమ తల్లో ఉన్నది పక్క కుర్చీలోని కుర్రవాళ్లకు అప్పగించకుండా వెళ్లిపోతే నాకు నిజంగా బాధగా ఉంటుంది.

ఆ కుర్రవాళ్లకు నా సలహా: జావా మీకు ఎలాగూ వచ్చు, కాబట్టి ముందు కోబాల్ చదవడం నేర్చుకోండి. లాప్‌టాప్‌లో నడిచే కోబాల్ కంపైలర్ గ్నూకోబాల్ ఉచితంగా దొరుకుతుంది. ఐబీఎం అభ్యాస వేదిక జడ్ ఎక్స్‌ప్లోర్‌లో అసలు మెయిన్‌ఫ్రేమ్‌ను తాకి చూడవచ్చు. మీ ప్రాజెక్టులోని ఒక కాపీబుక్ తీసుకుని, ఏ ఫీల్డు ఎన్నో బైటు దగ్గర మొదలై ఎక్కడ ముగుస్తుందో కాగితం మీద రాయండి. మొత్తం రికార్డు పొడవుతో సరిపోయిందంటే రెండో కాపీబుక్ తీయండి.